గుడ్ల కోళ్ళ మేతలో నూనెగింజలు, చెక్కలు, తవుడు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది, దానికి రెట్టింపు నీళ్ళు తాగుతుంది. గుడ్డు మీద రైతు పెట్టే ఖర్చులో 70 శాతం దాకా దాణాదే. మొక్కజొన్న, నూకలు ఆ దాణాకు శక్తినిస్తాయి. గుడ్డులోకి వెళ్ళే మాంసకృత్తులు మాత్రం ప్రధానంగా నూనెగింజల నుంచే రావాలి. అవి దాణాలో మూడు రూపాల్లో చేరతాయి. మొదటిది గానుగలోనో ఎక్స్‌పెల్లర్‌లోనో నూనె పిండాక మిగిలే చెక్క. రెండోది హెక్సేన్ ద్రావకంతో నూనె లాగేశాక మిగిలే పొడి పిండి, వ్యాపారుల భాషలో డీఓసీ. మూడోది నూనె తీయకుండా వేయించో నలగ్గొట్టో వేసే గింజ. చెక్కలో ఆరేడు శాతం నూనె మిగులుతుంది, డీఓసీలో ఒక శాతం అటూఇటూ ఉంటుంది. ఈ తేడా కోడికి అందే శక్తిని మారుస్తుంది, సరుకు ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో కూడా నిర్ణయిస్తుంది.

కేంద్ర పశుసంవర్ధక శాఖ 2022-23 లెక్కల ప్రకారం దేశంలో ఏటా 13,800 కోట్లకు పైగా గుడ్లు ఉత్పత్తయ్యాయి. అందులో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తమిళనాడుది రెండోది, తెలంగాణది మూడోది. తెలుగు నేల మీద లేయర్ (గుడ్ల కోళ్ళ) ఫారాలు ముఖ్యంగా హైదరాబాద్ చుట్టూ ఒకవైపు, కృష్ణా గోదావరి జిల్లాల్లో మరోవైపు గుంపుకట్టాయి. ఆ రెంటినీ కలిపే 65వ నంబరు జాతీయ రహదారి మీదే సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. మిర్యాలగూడ ఆ దారికి దక్షిణంగా, నల్గొండ జిల్లాలో ఉంది. కోళ్ళ సంఖ్యలో ఈ మూడు ఊళ్ళు రాష్ట్రానికి తలమానికం కావు. దాణా సరుకులో మాత్రం వీటి మాట చెల్లుతుంది, అందుకు కారణం వరి.

తవుడు

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మాగాణులయ్యాయి, వాటి వెంట రైసు మిల్లులు వచ్చాయి. నేడు మిర్యాలగూడ దేశంలోనే పెద్ద మిల్లు కేంద్రాల్లో ఒకటి. ధాన్యం మరపట్టినప్పుడు ఊక, తవుడు, నూకలు వేరవుతాయి. ఊక బాయిలర్లకు పోతుంది, నూకలు దాణాకూ డిస్టిలరీలకూ పోతాయి. తవుడు తిన్నగా నూనె మిల్లుకు వెళ్తుంది.

తవుడును ఎవరూ నూనెగింజల జాబితాలో చేర్చరు. నూనె పాలు చూస్తే మాత్రం సోయా గింజకు తీసిపోదు. సోయాలో 18 నుంచి 20 శాతం నూనె ఉంటే, పచ్చి బియ్యపు తవుడులో 12 నుంచి 18 శాతం, ఉప్పుడు బియ్యపు తవుడులో 20 శాతం, ఒక్కోసారి అంతకుమించి ఉంటుంది. ఈ ప్రాంతపు కోళ్ళ మేత గురించి రాయాలంటే సోయా కంటే ముందు తవుడు గురించే రాయాలి. సోయా ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి జిల్లాల నుంచో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల నుంచో లారీ ఎక్కి రావాలి. తవుడు పక్క వీధిలోనే పుడుతుంది.

పచ్చి తవుడుకు ఒక పెద్ద చిక్కు ఉంది. బియ్యపు గింజ మీది పొరలో లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. గింజ గింజగా ఉన్నంతసేపు నూనె ఒకచోట, ఎంజైము ఒకచోట ఉంటాయి. మరలో పొర చిరగ్గానే రెండూ కలుస్తాయి. గంటల్లోనే నూనె విరిగి ఫ్యాటీ ఆమ్లాలుగా మారడం మొదలవుతుంది, కొన్నాళ్ళకు తవుడు చేదెక్కి పాత నూనె కంపు కొడుతుంది. అలాంటి తవుడును కోడి ముక్కుతో పక్కకు తోసేస్తుంది. తిన్నా దాణాలోని విటమిన్-ఇ, విటమిన్-ఎ నశించి ఉంటాయి. పచ్చి తవుడు వాడదలిస్తే మర ఆడిన రోజు, మరుసటి రోజు సరుకే తేవాలి. లేదా ఆవిరితోనో వేడిగాలితోనో స్థిరీకరించిన తవుడు కొనాలి. ఉప్పుడు బియ్యపు తవుడుకు ఈ ఇబ్బంది చాలా తక్కువ, ధాన్యాన్ని ఉడికించినప్పుడే లైపేజ్ చచ్చిపోతుంది. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోలేమని 2021-22లో కేంద్రం చెప్పినప్పుడు గొడవంతా ధాన్యం కొనుగోలు మీదే నడిచింది. మిల్లులు ఉప్పుడు బియ్యం తగ్గించి పచ్చి బియ్యం పెంచితే తవుడులో నూనె పాలు తగ్గుతుంది, నిలవ గుణమూ తగ్గుతుంది. దాణా కలిపేవాళ్ళకు ఇది చిన్న మార్పు కాదు.

నూనె తీసిన తవుడు, అంటే డీఓఆర్‌బీ, ఈ బెడద లేని సరుకు. అందులో 14 నుంచి 16 శాతం మాంసకృత్తులు ఉంటాయి, పీచు కూడా దాదాపు అంతే. నూనె లేదు కనుక కంపు కొట్టదు, నెలల తరబడి ఆగుతుంది. లేయర్ దాణాలో 10 నుంచి 15 శాతం దాకా వేస్తారు. అంతకు మించితే పీచు పెరిగి శక్తి పడిపోతుంది, కోడి కడుపు నిండుతుంది కానీ గుడ్డు బరువు తగ్గుతుంది. తవుడులో భాస్వరం బోలెడంత ఉన్నా అది ఎక్కువగా ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. ఆ బిగువు విప్పే ఎంజైము కోడికి తగినంత లేదు. దాణాలో ఫైటేజ్ కలపడం మొదలయ్యాక ఆ భాస్వరంలో కొంత కోడికి దక్కుతోంది, డైకాల్షియం ఫాస్ఫేట్ ఖర్చు ఆ మేరకు తగ్గింది.

2023 జులై చివర్లో కేంద్రం నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించింది, ఆ గడువును తర్వాత పలుమార్లు పొడిగించి, 2025లో నిషేధాన్ని ఎత్తేసింది. పాల ధరలు, పశువుల దాణా ధరలు పెరగడం నిషేధానికి చెప్పిన కారణం. అది ఉన్నన్నాళ్ళూ నూనె మిల్లులకు దెబ్బ, కోళ్ళ రైతుకు ఊరట. ఒకే ఊళ్ళో ఇద్దరి లాభనష్టాలు ఇంత ఎదురెదురుగా ఉండడం మిర్యాలగూడలో కొత్తేమీ కాదు.

తవుడు కొనేటప్పుడు పెద్ద మోసం ఊక కల్తీ. నూనె తీయని మంచి తవుడును గుప్పెట పట్టి నొక్కితే ముద్ద కడుతుంది. ఊక పొడి కలిస్తే ముద్ద విడిపోతుంది, అరచేతిలో గరగర తగులుతుంది. గాజు గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కాసేపు వదిలితే ఊక తునకలు పైకి తేలతాయి, ఇసుక ఉంటే అడుగున మెరుస్తుంది. నూనె తీసిన తవుడు ముద్ద కట్టదు గనుక దానికి గ్లాసు పరీక్షే దిక్కు. ఇవి ప్రయోగశాల పరీక్షకు సాటిరావు. లారీ దించక ముందు చేయగలిగినవి మాత్రం ఇవే.

చెక్క మీద రాసిన శాతం, చెక్కలో లేని లైసిన్

చెక్కలను మాంసకృత్తుల శాతం చూసి కొనడం అలవాటు. పల్లి చెక్కలో 40 నుంచి 48 శాతం, సోయా డీఓసీలో 44 నుంచి 48 శాతం, నువ్వుల చెక్క అయిన తెలగపిండిలో 40 శాతం పైన, పొద్దుతిరుగుడు చెక్కలో పొట్టును బట్టి 28 నుంచి 36 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ఈ అంకెలు చూసి పల్లి చెక్కా సోయా ఒకటే అనుకుంటే గుడ్ల బుట్ట దగ్గర లెక్క తప్పుతుంది. కోడికి కావలసింది మాంసకృత్తుల మొత్తం కాదు, వాటిలోని అమైనో ఆమ్లాలు. ముఖ్యంగా లైసిన్, మెథియొనిన్.

ఒక టన్ను దాణా లెక్క వేసి చూద్దాం. మొక్కజొన్న 500 కిలోలు, సోయా డీఓసీ 200, నూనె తీసిన తవుడు 130, పొద్దుతిరుగుడు చెక్క 60, సున్నపురాయి నూక, ఆల్చిప్పల గుల్ల కలిపి 95, డైకాల్షియం ఫాస్ఫేట్ 8, ఉప్పు, విటమిన్లు, మెథియొనిన్ వగైరా 7 కిలోలు. మాంసకృత్తులు మొక్కజొన్న నుంచి 45 కిలోలు, సోయా నుంచి 90, తవుడు నుంచి సుమారు 20, పొద్దుతిరుగుడు నుంచి 18 కిలోలు వస్తాయి. మొత్తం 173 కిలోలు, అంటే 17 శాతం పైచిలుకు. గుడ్ల కోళ్ళకు సాధారణంగా కోరే 16 నుంచి 18 శాతం మధ్య ఇది సరిపోతుంది. కాల్షియం కూడా 3.5 శాతం దాటుతుంది.

ఇప్పుడు సోయాలో 50 కిలోలు తీసి అంతే పల్లి చెక్క వేద్దాం. మాంసకృత్తుల శాతం కదలదు. కానీ సోయా మాంసకృత్తుల్లో లైసిన్ ఆరు శాతం పైన ఉంటే పల్లిలో మూడున్నర శాతమే. ఆ ఒక్క మార్పుతో టన్నుకు సుమారు 600 గ్రాముల లైసిన్ తగ్గిపోతుంది. దాన్ని పొడి రూపంలో విడిగా కలపకపోతే రెండు మూడు వారాల్లో గుడ్డు పరిమాణం తగ్గుతుంది, ఆపైన గుడ్ల శాతమే జారుతుంది. రైతు అప్పుడు జబ్బేదో వచ్చిందని మందుల దుకాణానికి పోతాడు.

తెలగపిండిది వేరే గుణం. అందులోనూ లైసిన్ తక్కువే, మెథియొనిన్ మాత్రం సోయాలో కంటే చాలా ఎక్కువ. సోయాకు ఉన్న లోటు మెథియొనిన్‌లోనే గనుక ఈ రెంటి జోడీ బాగా కుదురుతుంది. నువ్వు పొట్టులోని ఆక్సలేటు, ఫైటేటు కాల్షియాన్ని పట్టేస్తాయి కాబట్టి ఐదు శాతం దగ్గర ఆపడం మేలు, లేకపోతే పెంకు పలచనవుతుంది. ధర కూడా ఒక అడ్డే. మంచి తెలగపిండిని కోళ్ళకంటే ముందు పాడి పశువుల రైతులు కొనుక్కుపోతారు. పొద్దుతిరుగుడు చెక్కలో విషగుణాలు దాదాపు లేవు, మెథియొనిన్ బాగుంటుంది. పొట్టు తీయని రకంలో పీచు నాలుగో వంతు దాటుతుంది, అందుకే దాన్ని కొద్దిగానే వేయాలి.

సోయా ధర అంతర్జాతీయ మార్కెట్‌తో ఆడుతుంది. 2021 వేసవిలో సోయా డీఓసీ ధర అదుపు తప్పింది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చింది. ఆ నెలల్లో చాలామంది సోయా తగ్గించి దొరికిన చెక్కనల్లా దాణాలో వేశారు. ప్రత్యామ్నాయ చెక్కల గుణదోషాలు ముందే తెలిసి ఉండాల్సింది అలాంటి రోజుల కోసమే. సోయాను డీఓసీగా కాక గింజగా వాడాలంటే తప్పకుండా వేయించాలి. పచ్చి సోయాలోని ట్రిప్సిన్ నిరోధకం మాంసకృత్తులు అరగనివ్వదు, కోడి క్లోమం ఉబ్బుతుంది. అలాగని మాడ్చినా నష్టమే, లైసిన్ పనికిరాకుండా పోతుంది.

పత్తి, ఆముదం

ఉమ్మడి నల్గొండ మెట్ట పొలాల్లో ఒకప్పుడు ఆముదం విరివిగా పండేది, ఇప్పుడు ఆ చేలను పత్తి ఆక్రమించింది. రెండు పంటల చెక్కలూ ఇక్కడ చవగ్గా దొరుకుతాయి, రెండూ గుడ్ల కోళ్ళకు పనికిరావు. కారణాలు వేరు.

పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. గేదె కడుపులో అది చాలావరకు కట్టుబడిపోతుంది, కోడి విషయంలో అది గుడ్డులోకి చేరుతుంది. పెట్టిన రోజు గుడ్డు మామూలుగానే కనిపిస్తుంది. కొన్ని వారాలు చల్లగా నిలవ ఉంచి పగలగొడితే పచ్చసొన ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. పత్తి నూనెలోని ఒక రకం కొవ్వు ఆమ్లాల వల్ల తెల్లసొనకు గులాబీ జీర వస్తుంది, పచ్చసొన చలికి గట్టిపడి బంతిలా అవుతుంది. అలాంటి గుడ్డు తింటే ప్రాణానికేమీ కాదు, కానీ కొన్న మనిషి రెండోసారి ఆ దుకాణానికి రాడు. ఇనుప లవణం, అంటే ఫెర్రస్ సల్ఫేట్, కలిపితే గాసిపాల్ కొంత కట్టుబడుతుంది. గులాబీ జీరకు మాత్రం ఆ మందు పనిచేయదు. గుడ్లు అమ్ముకుని బతికే రైతు పత్తి చెక్క జోలికి పోకపోవడమే మంచిది.

ఆముదం విషయంలో రెండో మాటే లేదు. ఆముదం చెక్కలోని రైసిన్ ప్రాణాంతక విషం. అది కొద్దిగా కలిసినా కోళ్ళు డీలాపడి, పారుకుని, గుడ్లు మానేస్తాయి. ఎక్కువైతే చనిపోతాయి. వేప పిండి, కానుగ చెక్క కూడా కోళ్ళకు తగవు, అవి చేనుకు ఎరువే. చాలా ఊళ్ళలో ఎరువు పిండీ పశువుల చెక్కా ఒకే దుకాణంలో, ఒకే రంగు సంచుల్లో అమ్ముతారు. ప్రమాదం అక్కడే ఉంది.

బూజు విషం

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. వెతగ్గా వెతగ్గా కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్కలో తేలింది. ఆ చెక్కకు పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. తెలుగు నేల మీద కూడా ఆ విషం పలుమార్లు కనిపించింది. 1980ల మొదట్లో చిత్తూరు జిల్లాలో కోడిపిల్లలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి, ఆ తర్వాత వరంగల్ వైపు లేయర్ కోళ్ళలో గుడ్లు పడిపోయాయి.

పల్లి కాయ నేలలో ఊరుతుంది. గింజ గట్టిపడే రోజుల్లో బెట్ట తగిలితే చేనులోనే బూజు పడుతుంది. తడిగా ఉండగానే కుప్పలేస్తే మిగతా పని గోదాములో పూర్తవుతుంది. పాలమూరు వైపు పల్లి వర్షాలు సరిగా పడని ఏడు ఎలా ఉంటుందో కోదాడలో దాణా కలిపేవారికీ తెలిసి ఉండాలి. నూనె పిండితే విషం నూనెతో పోదు, చెక్కలోనే చిక్కబడుతుంది. వేయించినా పూర్తిగా పోదు, ఎండబెట్టినా పూర్తిగా పోదు. భారతీయ ప్రమాణాల ప్రకారం కోళ్ళ దాణాలో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించకూడదు. మించితే కాలేయం పాలిపోయి కొవ్వు పడుతుంది, గుడ్లు చిన్నవై తగ్గుతాయి, టీకాలు సరిగా పట్టవు. బెంటోనైట్ మట్టి, జియొలైట్ లాంటి టాక్సిన్ బైండర్లు విషాన్ని కొంతవరకు పేగులోనే పట్టి బయటికి తోసేస్తాయి. చెడిన చెక్కను మంచి చెక్కగా మార్చే శక్తి వాటికి లేదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అఫ్లటాక్సిన్‌ను తక్కువ ఖర్చుతో కొలిచే ఎలైజా పరీక్ష విధానాన్ని తయారుచేశారు. కొత్త లోడు పల్లి చెక్క నమూనా పరీక్షకు పంపి, ఫలితం వచ్చాకే దాణాలో కలపాలి. చెక్కలో తేమ 11 శాతం దాటకూడదు. బస్తాలు నేలకూ గోడకూ తగలకుండా కర్ర బల్లల మీద పేర్చాలి, ముందు వచ్చిన బస్తా ముందు వాడాలి. మే నెలలో కొన్న సరుకును తొలకరి దాటాక విప్పే అలవాటు మానాలి.

మే నెల, నూనె

నల్గొండ, సూర్యాపేట జిల్లాల్లో ఎండ 44 డిగ్రీలు దాటడం ఏటా చూసేదే. కోడికి చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పి మాత్రమే వేడి పోగొట్టుకోవాలి. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచనవుతుంది, మేత తగ్గుతుంది. రోజుకు 110 గ్రాములు తినే కోడి 90 గ్రాములకు పడిపోతే 17 శాతం దాణా నుంచి దానికి అందే మాంసకృత్తులు 18.7 గ్రాముల నుంచి 15.3 గ్రాములకు తగ్గుతాయి. ఆ కొద్దిపాటి మేతలోనే సత్తువ ఉండేలా చూడాలి. ఇక్కడే నూనె పనికొస్తుంది. పిండిపదార్థం, మాంసకృత్తులు అరిగేటప్పుడు పుట్టేంత వేడి కొవ్వు అరిగేటప్పుడు పుట్టదు. దాణాలో ఒకటి రెండు శాతం తవుడు నూనెనో సోయా నూనెనో కలిపితే శక్తి పెరుగుతుంది, దుమ్ము తగ్గుతుంది, లినొలియిక్ ఆమ్లం వల్ల గుడ్డు బరువు నిలుస్తుంది. మాంసకృత్తుల శాతాన్ని విపరీతంగా పెంచడం కంటే లైసిన్, మెథియొనిన్ విడిగా సరిచేయడం వేసవిలో మంచి పద్ధతి.

అదే నూనె ఎండకు త్వరగా చెడుతుంది కూడా. నూనె కలిపిన దాణాను వారం లోపలే వాడేయాలి. ఎండలు తగ్గి మేత పెరిగాక నూనె ఆపకపోతే, పంజరాల్లో కదలిక లేని కోళ్ళకు కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. అది ముదిరితే కాలేయం చిట్లి, బాగా గుడ్లు పెట్టే కోడే ఉన్నట్టుండి చనిపోతుంది.

అవిసె గుడ్లు

అవిసె గింజ నూనెలో దాదాపు సగం లినొలెనిక్ ఆమ్లమే, ఒమేగా-3 రకం. కోడి తిన్న కొవ్వు పచ్చసొనలో ప్రతిఫలిస్తుంది. దాణాలో ఐదు నుంచి పది శాతం అవిసెలు వేస్తే కొన్ని వారాల్లో పచ్చసొనలో ఒమేగా-3 గణనీయంగా పెరుగుతుంది, అందులో కొంత డీహెచ్ఏ అనే మరో ఒమేగా-3 రకంగా మారి ఉంటుంది. నగరాల్లో ఎక్కువ ధరకు అమ్మే ఒమేగా-3 గుడ్ల రహస్యం ఎక్కువగా ఇదే. పది శాతం మించితే గుడ్లు తగ్గుతాయి, గుడ్డుకు చేప వాసన వస్తుంది. అవిసెలు ఈ మూడు ఊళ్ళ చుట్టూ పండవు, కొని తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో కొనే దుకాణం ముందే కుదరకపోతే ఆ ఖర్చు తిరిగి రాదు.

పెరటి కోళ్ళు

రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ 1988లో మొదలైంది. అక్కడ రూపొందిన గ్రామప్రియ, వనరాజా లాంటి రకాలు పల్లెల్లో పెరటి కోళ్ళుగా తిరుగుతున్నాయి. పురుగూ పుట్రా, రాలిన గింజలూ ఏరుకుని తినే ఈ కోళ్ళకు మాంసకృత్తులు కొంత బయటే దొరుకుతాయి. సాయంత్రం గూటికి వచ్చినప్పుడు నూకలు, తాజా తవుడు, ఒక గుప్పెడు నలగ్గొట్టిన తెలగపిండి కలిపి తడిపి పెడితే చాలు. తడిపిన మేత ఆ పూటే అయిపోవాలి, మిగిలితే మరునాటికి పులిసి బూజు పడుతుంది. పొట్టు తీయని పొద్దుతిరుగుడు గింజలు ఇవి ఇష్టంగా తింటాయి, వాటిలో నూనె 40 శాతం దాకా ఉంటుంది కనుక కోడికి కొద్ది గింజలే వేయాలి. వంటింట్లో మిగిలిన బూజు పల్లీలు పారేయకుండా కోళ్ళకు వేయడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటు. మనం తినకూడదని పక్కన పెట్టిన పల్లీ కోడీ తినకూడదు. అలాగే చేనుకు తెచ్చిన ఆముదం పిండి బస్తాను కోళ్ళ గూడున్న పాకలో దించకండి, ఒక్క పూటకైనా సరే.